ఆగినప్పుడే కారు వేడెక్కుతోందా? రేడియేటర్ ఫ్యాన్‌ను ఇలా పరీక్షించండి

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ బయలుదేరారు. దారంతా కారు హాయిగా నడిచింది. పంతంగి టోల్ గేటు దగ్గర వాహనాల బారులో చిక్కుకున్న కాసేపటికి ఉష్ణోగ్రత ముల్లు సగం దాటి పైకి ఎక్కడం మొదలైంది, ఏసీ గాలి చల్లదనం తగ్గింది. గేటు దాటి వేగం అందుకోగానే రెండూ మామూలైపోయాయి. ఈ తీరు కనిపిస్తే ముందుగా అనుమానించవలసింది రేడియేటర్ ఫ్యాన్‌నే.

కారు పరుగెడుతుంటే రేడియేటర్‌ను చల్లబరచడానికి ఎదురుగాలి చాలు. ఆగితే ఆ గాలి ఉండదు కాబట్టి ఫ్యాన్ లాగాలి. చాలా కార్లలో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి 95–100 డిగ్రీల ప్రాంతానికి చేరినప్పుడు సెన్సర్ ద్వారా ఇంజిన్ కంప్యూటర్‌కు తెలుస్తుంది. అది రిలేను (ఫ్యాన్‌కు కరెంటు కలిపే విద్యుత్ స్విచ్‌ను) కలుపుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ కూడా రేడియేటర్ ముందే ఉంటుంది కనుక, ఏసీ వేసినా ఫ్యాన్ తిరుగుతుంది. హైవే మీద వేగంగా వెళుతున్నప్పుడు కూడా ముల్లు ఎక్కుతుంటే మాత్రం ఫ్యాన్‌ను వదిలేసి కూలెంట్ మట్టం, థర్మోస్టాట్ (కూలెంట్ ప్రవాహాన్ని అదుపు చేసే కవాటం), వాటర్ పంపు, పూడుకుపోయిన రేడియేటర్ వైపు చూడాలి.

దారిలో ముల్లు ఎక్కుతుంటే ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తిగా తిప్పి బ్లోయర్ పెంచండి. ఎండాకాలంలో అది నరకమే, కానీ ముఖానికి కొట్టే ఆ వేడి ఇంజిన్ నుంచి బయటికి పోతున్న వేడి. ముల్లు ఎర్ర గీత దగ్గరికి వస్తే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. రేడియేటర్ మూత జోలికి పోవద్దు. లోపల ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ఒక్కసారిగా ఎగజిమ్మి ముఖాన్నీ చేతుల్నీ కాల్చేస్తుంది. తొందరపడి మూత తీసి గాయపడేవారు ఎందరో. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగండి.

అసలు పరీక్ష ఇంటి దగ్గర, చల్లని ఇంజిన్‌తో మొదలుపెట్టాలి. కూలెంట్ మట్టం చూశాక బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, ఫ్యాన్ రెక్కను వేలితో తిప్పండి. సాఫీగా తిరగాలి. తీగ విప్పమనడానికి కారణం ఉంది: కొన్ని కార్లలో తాళం తీసేసినా ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది.

తీగ మళ్లీ బిగించి, ఇంజిన్ నడిపి ఏసీ వేయండి. ఒకటి రెండు నిమిషాల్లో ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే బానెట్ కింది ఫ్యూజుల పెట్టె తెరవండి. ఏ ఫ్యూజు దేనిదో సాధారణంగా మూత మీద ఉంటుంది. ఫ్యాన్ ఫ్యూజు చాలా కార్లలో 30 లేదా 40 ఆంపియర్లది. కాలిపోతే సరిగ్గా అంతే సామర్థ్యం ఉన్నది పెట్టండి. మళ్లీ కాలితే మోటారు బిగుసుకుంది, లేదా ఎక్కడో తీగ ఒరుసుకుంటోంది. ఫ్యూజు బదులు తీగ ముక్క పెడితే కారే అంటుకోవచ్చు.

ఫ్యూజు బాగుంటే రిలే. పక్కనే అదే నంబరుతో హారన్ రిలే వంటిది ఉంటే దాన్ని మార్చి చూడండి. అప్పటికీ ఫలితం లేకపోతే మోటారు కనెక్టర్ ఊడదీసి, ఫ్యూజు ఉన్న తీగలతో బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వాలి. చేతికి అలవాటు లేకపోతే ఈ ఒక్కటీ ఎలక్ట్రీషియన్‌కు వదలండి. తిరగకపోతే మోటారు పోయినట్టే. కర్రతో మెల్లగా తడితే కాసేపు తిరిగి ఆగిపోయేది లోపల బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగిన మోటారు.

మోటారు బాగుండి, ఏసీ వేస్తే తిరుగుతూ, ఇంజిన్ వేడికి మాత్రం కదలకపోతే సెన్సర్‌ను అనుమానించండి. దాని కనెక్టర్ తీసేస్తే, ప్రమాదం రాకుండా అనేక కార్ల కంప్యూటర్లు ఫ్యాన్‌ను తిప్పేస్తాయి. అలా తిరిగితే అనుమానం సెన్సర్ మీదే. రెండు వేగాల ఫ్యాన్లలో మరో తిరకాసు ఉంది. చాలావాటిలో తక్కువ వేగానికి కరెంటు రెసిస్టర్ (కరెంటును తగ్గించే చిన్న భాగం) గుండా వెళుతుంది. అది కాలితే ఫ్యాన్ తొలి వేడికి మిన్నకుండి, ముల్లు బాగా ఎక్కాక హోరుమంటూ పూర్తి వేగంతో లేస్తుంది. చిన్న భాగం పాడైనందుకు మొత్తం మోటారు మార్పించుకునేది ఇక్కడే. అందుకే ఏ వేగం పని చేయడం లేదో మెకానిక్‌కు విడిగా చెప్పండి.

"సెన్సర్ ఎందుకు సార్, ఫ్యాన్‌కు నేరుగా స్విచ్ పెట్టేస్తాను" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఒక్కరోజు స్విచ్ వేయడం మరిచిపోతే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది దిమ్మెకూ మధ్య ఉండే సీలు) కాలిపోవచ్చు.

మోటారు మార్పిస్తే తీగలు తారుమారు కాలేదని చూసుకోండి. ఫ్యాన్ వెనక్కి తిరిగితే గాలి ఎదురు తంతుంది. ఫ్యాన్ తిరుగుతుండగా ముందు గ్రిల్ దగ్గర కాగితం పెడితే అది లోపలికి అతుక్కోవాలి. ఆ తర్వాత ఏసీ ఆపి, నిలబెట్టిన కారులో ఇంజిన్ నడవనివ్వండి. ఫ్యాన్ తనంతట తాను లేచి, ఆగి, మళ్లీ లేచేదాకా గ్యారేజీ నుంచి కదలకండి.