గోనెపట్ట మీద బంతిపూల మెత్త గలీబు: కొక్కెం సూదితో ఎలా చేయాలి?

గోనెపట్ట రంధ్రాల్లోంచి గుడ్డ పేలికను చిన్న చిన్న లూపులుగా పైకి లాగి పువ్వు తీర్చే పని ఇది. 19వ శతాబ్దంలో అమెరికా ఈశాన్య తీరంలోనూ, కెనడా అట్లాంటిక్ తీరంలోనూ ఇళ్లల్లో వాడుకునే తివాచీలను ఇట్లాగే చేసుకునేవారు. బెంగాల్ జనపనారతో నేసిన గోనె బస్తాలు విప్పి, వాటి మీదే లాగేవారు. పట్ట మనదే, పాత గుడ్డలూ మన ఇంట్లో ఉన్నవే. అయినా చాలామంది చేసిన మెత్త గిన్నెలా వంగిపోతుంది, లేదా ఒక కొస లాగితే వరుసంతా ఊడి వస్తుంది. రెండూ లూపు లాగడంలో వచ్చే తప్పులే.

16 అంగుళాల గలీబుకు 24 అంగుళాల చదరపు గోనెపట్ట, 4 మి.మీ. క్రోషా సూది, మగ్గం వర్కు ఫ్రేము, మార్కర్, కత్తెర చాలు. పట్ట కొత్తదే కొనండి. వడ్లు ఎత్తిన పాత బస్తాకు హమాలీల కొక్కేలు దిగిన బొక్కలుంటాయి, ఎండకు నార పెళుసెక్కి ఉంటుంది. కొందరు పాత జంపఖానా మీద ప్రయత్నిస్తారు. వరంగల్ జంపఖానాల నేత బిగువుకు సూది దిగదు, మంచి జంపఖానా పాడవుతుంది. పేలికలకు కాటన్ టీషర్టులే వాడండి. కత్తిరించిన అంచు దారాలు ఊడదు. గలీబు విస్తీర్ణానికి ఐదింతల గుడ్డ పడుతుంది, రంగులన్నీ కలిపి నాలుగు టీషర్టులుంటే కొరత రాదు. అర అంగుళం వెడల్పున కోయండి. ఎర్ర గుడ్డను తడిపి తెల్ల గుడ్డ మీద రుద్ది చూడండి, రంగు దిగితే పక్కన పెట్టేయండి.

పట్ట అంచులకు జిగ్‌జాగ్ కుట్టు వేయండి. 16 అంగుళాల చదరానికి స్కేలు వద్దు. రెండు పోగుల మధ్య గాడిలో మార్కర్ మొన పెట్టి లాగితే గీత పోగు వెంటే పోతుంది. స్కేలుతో గీస్తే గీత పోగులను అడ్డంగా కోస్తుంది, కుట్టాక మెత్త వంకర వస్తుంది. లోపల మూడు బంతిపూలు, నాలుగైదు ఆకులు గీయండి. తంగేడు సన్న రెక్కలు అర అంగుళం పేలికలో తేలవు. బంతిపువ్వు గుండ్రటి వరుసలు బతుకమ్మ పేర్చినట్టు చక్కగా కూర్చుంటాయి. పట్టను ఫ్రేముకు డప్పులా బిగించండి.

ఇక అసలు పని. పేలిక పట్ట కింద ఎడమ చేతిలో, సూది పైన కుడి చేతిలో ఉండాలి. మగ్గం వర్కు వచ్చినవారికి ఇది తెలిసిన కదలికే. అయితే ఆరీ సూదితో ఒక లూపులోంచి ఇంకోటి తీస్తాం, అదే అలవాటుతో ఇక్కడా గొలుసు వేస్తారు. వేయకండి. ప్రతి లూపూ తన రంధ్రంలోంచి విడిగా లేచి నిలవాలి.

సూదిని దించేటప్పుడు దాని వీపుతో పోగులను పక్కకు నెట్టి రంధ్రం వెడల్పు చేయండి. అట్లా చేయకపోతే పైకి వచ్చేటప్పుడు కొక్కెం గోనె పోగును పట్టి లాగేస్తుంది. కింద ఎడమ చేయి పేలికను మడత లేకుండా కొక్కేనికి అందించాలి. పేలిక కొసను ముందు పైకి తేవాలి, ఆ తర్వాతే లూపులు. లూపు పావు అంగుళం లేచాక సూదిని వెనకటి లూపు వైపు కొద్దిగా వాల్చి వదిలేయండి. ముందుకు వాల్చితే వెనకటి లూపు జారి చదునవుతుంది. వెనకటిది దిగిపోతోందంటే ఎడమ చేయి బిగుసుకుందని అర్థం, వేళ్లు వదులు చేయండి. చాలామంది అక్కడ సూదినే ఇంకా గట్టిగా లాగుతారు, దాంతో ఒక లూపు పొడుగు, ఒకటి పొట్టి అవుతుంది.

ప్రతి రంధ్రంలోనూ లూపు తీయకండి. ఒకటి రెండు పోగులు విడిచి, అంగుళానికి 4 నుంచి 5 లూపులు చాలు. ఎక్కువ కుక్కితే పట్టకు చోటు చాలక పువ్వు నడుమ ఉబ్బుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా దిగదు. నాలుగు వరుసలకోసారి పట్ట తిప్పి చూడండి. వెనక కుట్లు సాఫుగా, పక్కపక్కన ఉండాలి, అక్కడక్కడ గోనె కనిపించినా ఫరవాలేదు. పేలిక ఒక వరుస మీదుగా ఇంకో వరుసకు దాటితే వెనక గడ్డ కడుతుంది, వేలు తగిలితే లూపులు ఊడతాయి. దాటాల్సివస్తే కొస పైకి తెచ్చి కత్తిరించి, కొత్త చోట మొదలుపెట్టండి. పాత కొస వచ్చిన రంధ్రంలోనే కొత్త కొస తీసి, రెండూ లూపుల ఎత్తుకు కోయండి.

వెనక జిగురు పూస్తే ఊడదని చెప్తారు. పూయకండి. మెత్త అట్టలా గట్టిపడుతుంది, తప్పును సరిదిద్దడానికి విప్పలేరు. సరిగ్గా లాగిన లూపును పోగుల బిగువే పట్టి ఉంచుతుంది.

పువ్వు నడుమ మొదలుపెట్టి బయటికి రండి, గీతకు లోపలే ఉండండి. ఒక్కో పువ్వు కాగానే చుట్టూ ఒక వరుస నేల (పూల వెనక మిగిలే జాగా) రంగు వేయండి, లేకపోతే రెక్కలు పక్కకు పాకుతాయి. తర్వాత ఆకులు, అంచున రెండు వరుసలు, చివరికి నేల. ముదురు మెరూన్ నేల మీద పసుపు, నారింజ బాగా వెలుగుతాయి.

అయ్యాక బోర్లించి, తడిగుడ్డ వేసి, ఇస్త్రీపెట్టెను రుద్దకుండా ఒత్తుతూ ఎత్తుతూ పోండి. ఒక రోజు ఆరనివ్వండి. చుట్టూ అంగుళం పట్ట వదిలి కోసి, కొత్త అంచుకు మళ్లీ జిగ్‌జాగ్ వేయండి. వెనక్కి 18×12 అంగుళాల కాటన్ ముక్కలు రెండు తీసుకుని, 18 అంగుళాల అంచు ఒక్కోటి అంగుళం మడిచి కుట్టండి. ఒకదానిమీద ఒకటి 4 అంగుళాలు ఎక్కేలా పరిస్తే జిప్పు అక్కరలేదు. మంచి వైపులు లోపలికి పెట్టి, చివరి లూపుల వరుసను ఆనుకుని 18 నంబరు మిషను సూదితో కుట్టండి. తిప్పి 17 అంగుళాల బూరుగు దూది మెత్త పెట్టండి.

వాషింగ్ మెషిన్‌లో వేయకండి, తడిస్తే జనపనార బలం తగ్గుతుంది. దుమ్ము దులిపి, మరక ఉన్న చోట తడిగుడ్డతో అద్ది, నీడలో ఆరబెట్టండి.