బ్యాటరీలో చార్జింగ్ నిలబడడం లేదా? కారణం ఇలా పట్టుకోండి

ఫోన్లు, ల్యాప్‌టాప్‌లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీల గురించే ఇక్కడ చెబుతున్నాం.

సమస్య: 25 శాతం చూపిస్తూనే ఆగిపోతోంది

కొత్త బ్యాటరీ కొనే ముందు శాతం లెక్కలో తేడా ఉందేమో చూడండి. రోజూ 40–80 మధ్యే తిప్పుతుంటే లెక్కగట్టే చిప్‌కి పై హద్దు, కింది హద్దు తెలియకుండా పోతాయి. ఒకసారి 100 వరకు ఎక్కించి, దానంతటదే ఆగేదాకా వాడి, మధ్యలో తీయకుండా మళ్లీ 100కి ఎక్కించండి. రెండు మూడు నెలలకోసారి చాలు, అలవాటు చేసుకోకండి.

అయినా కెమెరా తెరవగానే ఆగిపోతుంటే బ్యాటరీ లోపలి నిరోధం (కరెంటుకు అడ్డు) పెరిగినట్టే. ఎక్కువ కరెంటు లాగగానే వోల్టేజి కుప్పకూలుతుంది. మార్చడమే మార్గం.

సమస్య: పూర్తిగా ఎక్కించినా పూటకే అయిపోతోంది

ముందు సెట్టింగ్స్‌లో ఏ యాప్ ఎంత తింటోందో చూడండి. అక్కడ తప్పు కనిపించకపోతే సామర్థ్యం కొలవండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ రిపోర్టులో డిజైన్ కెపాసిటీ (కొత్తప్పటి సామర్థ్యం) 50,000, ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పుడు నిండుగా పట్టేది) 38,000 ఉంటే మిగిలింది 76 శాతం. 80 శాతం కంటే దిగితే అరిగిందని లెక్క.

అరిగేది ఎందుకంటే, నిండిన సెల్ సాధారణంగా 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ స్థితిలో ఎలక్ట్రోలైట్ (లోపలి రసాయన ద్రవం) చర్యలు జోరందుకుంటాయి, ఎలక్ట్రోడ్ (లిథియంను పట్టి ఉంచే పలక) మీది పొర మందమవుతూ లిథియంను తనలో బంధించేస్తుంది. వేడి తోడైతే మరీ వేగం. రాత్రంతా చార్జర్‌కి ఉంచితే ఓవర్‌చార్జ్ అవుతుందన్న భయం అక్కర్లేదు, ఫోనే ఆపేస్తుంది. దిండు కింద వేడెక్కుతూ 100 దగ్గరే గంటలకొద్దీ ఉండటమే చేటు.

80 శాతం దగ్గరే చార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి. వేడెక్కుతుంటే కవర్ తీసి ఎక్కించండి, చార్జింగ్‌లో ఉండగా గేమ్‌లు వద్దు. సున్నా డిగ్రీల కంటే చలిలో అసలు ఎక్కించకండి, లిథియం లోహంగా పేరుకుంటుంది. సున్నాకి దించాకే ఎక్కించాలనేది పాతరకం నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి మాట. లిథియం అయాన్‌కి దానివల్ల నష్టమే. పోయిన సామర్థ్యం తిరిగి రాదు, ఇవన్నీ మిగిలినదాన్ని కాపాడుకోవడానికే.

సమస్య: నెలల తరబడి పక్కన పెట్టాక ఆన్ కావడం లేదు

వోల్టేజి బాగా పడిపోయి రక్షణ సర్క్యూట్ బ్యాటరీ కనెక్షన్ తెంపేసి ఉంటుంది. సొంత చార్జర్‌తో అరగంట ఉంచి చూడండి. లేవకపోతే బయటి నుంచి కరెంటు బలవంతంగా ఎక్కించకండి, లోపల రాగి కరిగి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. ఈసారి దాచేటప్పుడు 40–50 శాతంతో చల్లటి చోట ఉంచి, మూడు నెలలకోసారి చూసుకోండి.

సమస్య: ఉబ్బింది

చార్జింగ్ వెంటనే ఆపండి. నొక్కకండి, గుచ్చకండి, చెత్తబుట్టలో వేయకండి. సర్వీస్ సెంటర్‌కో, ఈ-వ్యర్థాలు తీసుకునే చోటికో ఇవ్వండి.