మ్యాథ్స్, ఫిజిక్స్ క్లబ్బులో వెనక బెంచీ నుంచి బోర్డు దాకా ఎలా వెళ్లాలి?

యూనివర్సిటీలో చేరిన కొత్తలో క్లబ్బు వాట్సాప్ గ్రూపులో చేరడం ఎంతసేపు? మీటింగుకు వెళ్లడమే కష్టం. సీనియర్లు ఏవేవో మాట్లాడుతుంటారు, ఒక్క ముక్క అర్థం కాదు, మరుసటి వారం మానేస్తాం. నేనూ ఒక సెమిస్టర్ అలాగే పోగొట్టుకున్నాను.

మొదటి రెండు మూడు మీటింగుల్లో అంతా అర్థం కావాలని పట్టుబట్టకండి. తెలియని పదాలు మాత్రం ఒక పేజీలో రాసుకోండి. అయ్యాక టీ దగ్గర "అక్కా, ఆ రెండో లైను ఎలా వచ్చింది?" అని అడగండి. విసుక్కునేవాళ్లు తక్కువే.

నెల తిరిగేలోగా పది నిమిషాల టాక్‌కి పేరు ఇచ్చేయండి. పెద్ద థియరీల జోలికి పోవద్దు, చిన్న లెక్క చాలు. చదరంగం బల్ల మీద ఎదురెదురు మూలల్లో రెండు గళ్లు తీసేస్తే 62 మిగులుతాయి. పక్కపక్కనున్న రెండేసి గళ్లు కప్పే బిళ్లలు 31 ఇస్తే బల్లంతా కప్పగలమా? వెంటనే జవాబు చెప్పేయకండి, అందరినీ కాసేపు తంటాలు పడనివ్వండి. ఆ తర్వాత రంగులు చూడమనండి. తీసేసిన రెండూ ఒకే రంగువి, అంటే ఒక రంగు 32, రెండోది 30. బిళ్ల ఎక్కడ పెట్టినా రెండు రంగుల్లో ఒక్కో గడినే కప్పుతుంది. ఇక కుదిరేదెలా?

ఫిజిక్స్ వైపైతే దారానికి తాళంకప్ప కట్టి ఊపండి. ముడి నుంచి కప్ప మధ్య దాకా మీటరు పొడవుంటే 20 ఊపులకు (వెళ్లి తిరిగొస్తే ఒక ఊపు) దాదాపు 40 సెకన్లు పడుతుంది. దాన్నుంచి గురుత్వ త్వరణం లెక్కకట్టొచ్చు. ఊపు చిన్నదిగా ఉండాలి. నేను చేసినప్పుడు 9.8 రావాల్సింది 10.9 దగ్గర తేలింది. చెమటలు పట్టాయి. వెనక నుంచి ఒక అన్న "వదిలేటప్పుడు సున్నా అన్నావా, ఒకటి అన్నావా?" అని అడిగాడు. ఒకటి అన్నాను! 19 ఊపుల్ని 20గా లెక్కపెట్టానన్నమాట. ఆ రోజు అందరికీ గుర్తుండిపోయింది ఆ తప్పే.

డిసెంబర్ 22న రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినోత్సవం. రామన్ ఎఫెక్ట్‌ను 1928లో కనుగొన్న ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం. ఆ రోజుల్లో క్లబ్బులకు మనుషులు చాలరు, వెళ్లి నిలబడితే చాలు, పని దొరుకుతుంది. కుర్చీలు వేయండి, కాదనను. బ్యానర్లు కట్టే పనికే అంకితమైపోకుండా ఒక పోస్టరో, డెమోనో మాత్రం మీ పేరు మీద అడిగి తీసుకోండి.

పోటీ పరీక్షలకూ క్లబ్బు పనికొస్తుంది. డిగ్రీ స్థాయిలో మ్యాథ్స్‌కి మాధవ కాంపిటీషన్, ఫిజిక్స్‌కి ఐఏపీటీ (ఫిజిక్స్ టీచర్ల సంఘం) వాళ్లు జాతీయ స్థాయిలో పెట్టే ఎన్‌జీపీఈ పరీక్ష ఉన్నాయి. పాత పేపర్లు ముగ్గురు నలుగురు కలిసి చేస్తే ఒకరు ఆగినచోట ఇంకొకరు అందుకుంటారు.

మీ దగ్గర క్లబ్బే లేదా? నలుగురు పోగై, ఒక లెక్చరర్‌తో మాట్లాడి, వారానికో సాయంత్రం ఖాళీ క్లాస్‌రూమ్ అడగండి. తాళాలు వేసే అటెండర్‌కి ముందే చెప్పి పెట్టుకోండి, లేదంటే లెక్క సగంలో ఉండగానే లైట్లు ఆర్పేస్తాడు.