పిల్లాడికి ఆటిజమేమో అనిపిస్తే: ఆమదాలవలస నుంచి ఒక అమ్మ

మా వైపు ఎవరినడిగినా "మగపిల్లలకి మాటలు ఆలస్యమేనమ్మా" అంటారు. అది పట్టుకుని కూర్చోకండి. పేరు పెట్టి పిలిచినా తిరగకపోవడం, కావలసింది వేలితో చూపించకపోవడం కనిపిస్తే డాక్టరు దగ్గరికి బయల్దేరండి.

ముందు ఫోన్‌లో వీడియోలు తీసుకోండి. మా వాడు బొమ్మ ఆటోని తిరగేసి చక్రం తిప్పుతూ, ఎంత పిలిచినా తలెత్తని ఆ చిన్న వీడియో నేను చెప్పిన కథంతటికన్నా డాక్టరుగారికి ఎక్కువ పనికొచ్చింది. ఆసుపత్రిలో పిల్లలు వేరేలా ఉంటారు కదా.

అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం) బృందానికి చూపించి డీఈఐసీకి, అంటే ఎదుగుదల సమస్యలున్న పిల్లల కోసం జిల్లాలో ఉండే ప్రభుత్వ కేంద్రానికి, రాయించుకోండి. ఆ సేవలు ఉచితం. వినికిడి పరీక్ష మాత్రం వదలొద్దు, వినపడకపోయినా పిల్లలు పలకరు. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం ఉన్న ఎమ్-చాట్ అనే ప్రశ్నలు (తల్లిదండ్రులు జవాబిచ్చేవి) వడపోతకే, అంటే అనుమానించాలో లేదో చూడటానికే, నిర్ధారణకు కాదు. స్కానింగ్‌లో తేలిపోతుందంటే నమ్మకండి. పిల్లాణ్ణి ఆడించి, గమనించి, మనల్ని అడిగి తేల్చాల్సిందే.

నిర్ధారణ పరీక్షకు తేదీ దూరంగా ఇచ్చారా? టెన్షన్ పడుతూ ఆగకుండా స్పీచ్ థెరపీ ఈలోపే మొదలుపెట్టేయండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది కాబట్టి, నిర్ధారణ అయ్యాక సదరం (వైకల్య ధ్రువపత్రం) స్లాట్ గురించి సచివాలయంలో అడగండి.