బ్రెయిడ్ గేమ్ ఆడాలంటే ముందు యూట్యూబ్ మూసేయ్ తమ్ముడూ

ఎస్వీయూ హాస్టల్లో ఉండే మా తమ్ముడి ఫ్రెండ్స్ బ్రెయిడ్ వేసుకున్న రెండో రోజుకే సొల్యూషన్ వీడియోలు చూసేస్తా ఉండారంట, అందుకే ఇది రాస్తా ఉండా. 2008లో జొనాథన్ బ్లో తెచ్చిన గేమ్ ఇది, చూసేదానికి మారియో మాదిరే ఉంటాది, పరిగెత్తేది, ఎగిరేది, తలమీద తొక్కేది, కానీ కష్టమంతా వేళ్ళకి కాదు బుర్రకి, జవాబు ముందే చూసేస్తే ఇంక ఆడేదానికి ఏమీ మిగల్దు. బ్లో కూడా వాక్‌త్రూ (గేమ్ ఎట్లా దాటాలో అడుగడుగునా చెప్పే గైడ్) అని ఒకటి పెట్టి, అందులో వాక్‌త్రూ చూడొద్దనే రాసినాడు.

మొదట షిఫ్ట్ కీ అలవాటు చేసుకో. నొక్కి పట్టుకుంటే కాలం వెనక్కి పోతాది, ఎంత సేపైనా. సచ్చిపోయినా లైఫ్ పొయ్యేది లేదు, కాబట్టి భయపడకుండా గుంతలో దూకు, ముళ్ళ మీద పడు, ఏమవుతాదో చూడు.

ఆట రెండో వరల్డ్ నుంచి మొదలవుతాది, ప్రతి వరల్డ్‌లో కాలానికి ఒక కొత్త రూలు. మూడో దాంట్లో పచ్చగా మెరిసే వస్తువులు షిఫ్ట్‌కి లొంగవు. లోతు గుంతలో పచ్చ తాళంచెవి కనపడిందనుకో, దూకినావంటే పైకి ఎక్కేదానికి దారి లేదు. అయినా దూకు, తాళంచెవి తీసుకో, షిఫ్ట్ పట్టుకో: నువ్వు పైకి వచ్చేస్తావు, తాళంచెవి మాత్రం నీ చేతిలోనే ఉంటాది! ఇది నీ అంతట నీకే తట్టినప్పుడు వచ్చే ఆనందం ఉంది చూడు, అబ్బా, ఈ గేమ్ ఆడేది అందుకే. నాలుగులో కుడికి నడిస్తే కాలం ముందుకి, ఎడమకి నడిస్తే వెనక్కి, నిలబడితే అంతా ఆగిపోతాది, కాబట్టి అక్కడ అడుగు వేసే ముందే ఆలోచించాల. అయిదులో నువ్వు వెనక్కి తిప్పేసిన పనిని నీ నీడ మళ్ళా చేస్తాది, ఆరులో ఉంగరం కింద పెడితే దాని చుట్టుపక్కల కాలం నెమ్మదిస్తాది.

వరల్డ్‌లలో దొరికే ముక్కలు ఏరి బొమ్మలు కూర్చేదే నీ పని. ఏదైనా ముక్క దొరక్కపోతే అక్కడే కూర్చోవద్దు, దాన్ని వదిలేసి తలుపు దాకా నడిచి పో, తర్వాత రావచ్చు, ఒక్కోసారి స్నానం చేస్తా ఉంటే తడతాది జవాబు. రెండో వరల్డ్‌లో మాత్రం ఒక చిన్న క్లూ ఇస్తా, ఎందుకంటే అది కొంచెం అన్యాయంగానే ఉంటాది: లెవెల్ మధ్యలో ఉండే బొమ్మ ఫ్రేమ్ ఊరికే అలంకారానికి పెట్టలేదు, దొరికిన ముక్కల్ని అందులో పెట్టి చూడు. రహస్య నక్షత్రాలు 8 ఉండాయి, మొదటిసారికి వాటి జోలికి పోవద్దు.

మొత్తం 60 ముక్కలు కూర్చి బొమ్మలన్నీ పూర్తి చేస్తేనే ఒకటో వరల్డ్‌లోకి పోనిస్తాది, అక్కడ కాలమే వెనక్కి నడుస్తా ఉంటాది. చివరి లెవెల్లో ఏం జరుగుతాదో నేను చెప్పను, అయిపోయిందనుకుని లేచిపోకుండా అక్కడే షిఫ్ట్ నొక్కి పట్టుకో.