సెస్నా 172లో పిటో-స్టాటిక్ లీకు ఎలా పట్టాలి

సెస్నా 172 అనే చిన్న విమానంలో ఎదురుగాలి ఒత్తిడి పట్టే పిటో గొట్టం ఎడమ రెక్క కింద ఉంటుంది, బయటి గాలి మామూలు ఒత్తిడి పట్టే స్టాటిక్ రంధ్రం ముందు భాగంలో ఎడమ పక్కన. వీటితో నడిచే వేగం, ఎత్తు మీటర్ల జోలికి పోకముందే ఈ రెండూ వంగి చూడండి. కందిరీగలు గొట్టంలో మట్టి గూడు కట్టేస్తాయి, అందుకే బయట నిలిపినప్పుడల్లా కవరు తొడగాల్సిందే. పూడిపోయింది కదా అని బయటినుంచి గాలి ఊదారో, ఎయిర్‌స్పీడ్ మీటరు పోయినట్టే. పైపును మీటరు దగ్గర విప్పాకే, లోపలినుంచి బయటికి ఊదాలి.

ఇక లీకు. ఆల్టర్నేట్ స్టాటిక్ వాల్వు (రంధ్రం పూడితే మీటర్లకు లోపలి గాలి అందించేది) మూసి ఉందో లేదో చూసుకుని, గాలి లాగే టెస్ట్ సెట్‌ను స్టాటిక్ రంధ్రానికి తగిలించండి. ఎత్తు చూపే ఆల్టీమీటరు ఇప్పుడున్న అంకె మీద 1000 అడుగులు పైకి వెళ్లేదాకా గాలి లాగండి. మెల్లగా బాబూ! ఎక్కే, దిగే వేగం చూపే వర్టికల్ స్పీడ్ ముల్లు చివరికి పోయి కొట్టుకోకూడదు. కుర్రాళ్లు తొందరపడేది ఇక్కడే. తర్వాత టెస్ట్ సెట్ వాల్వు కట్టేసి నిమిషం ఆగండి. 100 అడుగులకు మించి దిగితే లీకున్నట్టే. నా అనుమానం ముందు పైపు జాయింట్ల మీదకే పోతుంది. గాలి వదిలేటప్పుడూ అంతే నిదానం.

విమానం కడిగేటప్పుడు నీళ్లు పోకుండా స్టాటిక్ రంధ్రానికి వేసే టేపు మాత్రం కొట్టొచ్చినట్టు కనిపించే రంగుదే వాడండి. 1996లో పెరూ రాజధాని లీమా నుంచి లేచిన ఏరోపెరూ 603 విమానం సముద్రంలో కూలి 70 మంది పోయారు. స్టాటిక్ రంధ్రాల మీద టేపు అలాగే ఉండిపోయింది. టేపు వేసినట్టు, తీసినట్టు రెండూ లాగ్‌బుక్కులో రాయండి.