గండికోటలో ఒక తీరిక రోజు: క్యారవాన్‌లో వెళ్లి లోయ అంచున నడవడం ఎలా

క్యారవాన్ అనగానే మనవాళ్లకు సినిమా షూటింగుల దగ్గర నిలిపి ఉంచే ఏసీ బండే గుర్తుకు వస్తుంది. పడకలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉన్న క్యారవాన్‌ను అద్దెకు తీసుకుని, నలుగురు కలిసి నింపాదిగా ఒక రోజు గడిపి రావడానికి కడప జిల్లాలోని గండికోట కంటే అనువైన చోటు రాయలసీమలో లేదని నా అభిప్రాయం. ఎర్రమల కొండలను పెన్నా నది కోసుకుంటూ పోగా ఏర్పడిన గండి వల్లనే కోటకు ఆ పేరు వచ్చింది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లడం మంచిది. ఎండాకాలంలో ఆ బండల మీద నిలబడడమే కష్టం.

ముందు రోజు సాయంత్రమే చేరుకునేలా బయలుదేరండి. కోటకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న జమ్మలమడుగులోనే తాగునీరు, కూరగాయలు, బొరుగులు తీసుకోవాలి. బండి కదిలే ముందు గ్యాస్ సిలిండర్ వాల్వు మూసేశారా, అరల తలుపులకు గడియలు పెట్టారా అని ఒకసారి చూసుకోండి. మొదటి ప్రయాణంలో నేను ఒక్క గడియ మరచిపోయినందుకు ఆవకాయ సీసా పగిలి, ఇల్లు చేరేదాకా బండంతా ఆవ ఘాటే.

శత్రువు నేరుగా దూసుకురాకుండా మలుపులతో కట్టిన కోట ద్వారం గుండా అంత పెద్ద బండిని తీసుకువెళ్లే సాహసం చేయవద్దు. బయట, పర్యాటక శాఖ అతిథి గృహం వైపు, అక్కడి సిబ్బందిని అడిగి చదునైన నేల మీద నిలపండి. నేల కాస్త వాలుగా ఉంటే చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి సరిచేసుకోవాలి, లేకపోతే రాత్రంతా అందరూ ఒక మూలకు జారుతూనే ఉంటారు.

తెల్లవారుజామునే నడక మొదలుపెట్టండి. కోట లోపలి ఊరి మధ్యగా వెళ్లి, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారం దాటితే లోయ అంచు వస్తుంది. దారి దాదాపు చదునే కాబట్టి పెద్దవాళ్లు కూడా ఆగి ఆగి నడవగలరు. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే వచ్చింది ఈ కోటకే. దారి చివర మాత్రం ఒకదాని మీద ఒకటి ఒరిగిన పెద్ద బండలు ఉంటాయి కనుక పట్టున్న బూట్లు వేసుకోవాలి. లోయ ఎదుటి గోడలో అడ్డంగా ఇటుకలు పేర్చినట్టున్న ఎర్రరాతి పొరల మీద ఏటవాలు ఎండ పడినప్పుడు ఒక్కో వరుస విడివిడిగా కనబడుతుంది. అరగంట కూర్చుని చూడవలసినది అదే. అంచున అడ్డుకంచె లేని చోట్లు చాలా ఉన్నందున పిల్లల చేయి వదలకండి, ఫొటో కోసం వెనక్కి అడుగు వేయకండి. వాన పడిన మరునాడు అంచు దాకా పోకపోవడమే మేలు.

ఎండ ముదరకముందే బండి దగ్గరకు తిరిగి వచ్చి ఉగ్గాని చేసుకోండి. బొరుగులను నీళ్లలో ముంచి వెంటనే నీరు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో కలిపి, దించాక పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండితే పది నిమిషాల పని. ఆ తరువాత కునుకు తీయండి. బెలుం గుహలను కూడా అదే రోజు చూసేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వాటికి మరో రోజు కావాలి. మురికినీటి ట్యాంకును బండల మీద గాని, ఏటి వైపు గాని వదలకుండా, మూత బిగించి వెంట తీసుకువెళ్లి, చీకటి పడకముందే జమ్మలమడుగు దాటండి.